పాత ఇంజిన్‌కు టర్బో.. బిగించే ముందు ఆలోచించండి

గాలి ఒక్కటే పెరిగితే చాలదు
ఆయిల్, వేడి, ఆర్సీ.. మూడూ సరిచూసుకోవాలి

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి: గోదావరి ఇసుకైనా, భూపాలపల్లి బొగ్గైనా, మహబూబాబాద్ మిర్చి అయినా, జనగామ పత్తి, ధాన్యమైనా.. సరకు కదలాలంటే లారీయో, వ్యానో కావలసిందే. కొత్త బండి కొనే స్తోమత లేక పాతదానితోనే నెట్టుకొస్తున్న యజమానులు ఎందరో. ఎత్తు వచ్చిందంటే గేరు తగ్గించాలి, వెనుక వచ్చే కొత్త లారీలకు దారివ్వాలి. అలాంటప్పుడు 'టర్బో బిగిస్తే పికప్ పెరుగుతుంది కదా' అన్న ఆలోచన రావడం సహజం. పెరుగుతుంది, నిజమే. అయితే టర్బో కోసం సిద్ధం చేయని ఇంజిన్‌కు దానిని తగిలిస్తే, కొన్ని నెలలకే ఇంజిన్ పని మొత్తం చేయించవలసి రావచ్చు. ఒక్క బండిపైనే ఆధారపడిన కుటుంబానికి అది కోలుకోలేని దెబ్బ. అందుకే టర్బో ఎలా పనిచేస్తుందో, ఏ ఇంజిన్‌కు సరిపడుతుందో ముందే తెలుసుకోవడం మేలు.

అసలేమిటీ టర్బో?

టర్బో లేని ఇంజిన్ బయటి గాలిని తన పిస్టన్ల బలంతోనే లోపలికి పీల్చుకుంటుంది. ఎంత గాలి దొరికితే అంత డీజిల్ మాత్రమే పూర్తిగా మండుతుంది. అంతకు మించి డీజిల్ పోస్తే నల్లటి పొగగా బయటకు పోతుంది. టర్బో ఈ గాలి కొరతను తీరుస్తుంది. సైలెన్సర్ గుండా వృథాగా పోయే వేడి పొగ ఒక చక్రాన్ని తిప్పుతుంది. అదే ఇరుసుకు రెండో కొసన ఉన్న మరో చక్రం బయటి గాలిని ఒత్తిడితో ఇంజిన్‌లోకి నెడుతుంది. ఈ ఇరుసు నిమిషానికి లక్ష చుట్లకు పైగా తిరగగలదు.

స్విట్జర్లాండ్ ఇంజినీరు ఆల్‌ఫ్రెడ్ బ్యూచి 1905లో ఈ ఆలోచనకు పేటెంటు పొందారు. లారీ ఇంజిన్‌లోకి ఇది 1938లో అదే దేశానికి చెందిన సౌరర్ సంస్థ ద్వారా వచ్చింది. మన ప్రాంతానికీ ఇది కొత్తదేమీ కాదు. కాజీపేట డీజిల్ లోకో షెడ్డు ఏళ్ల తరబడి నిర్వహించిన డబ్ల్యూడీఎం-2 రైలింజన్లు టర్బోతో నడిచినవే. వాటి సామర్థ్యం 2,600 అశ్వశక్తి. ఆ తరహా ఇంజన్లను తర్వాతి కాలంలో పటియాలాలోని రైల్వే కర్మాగారంలో పునర్నిర్మించి 3,100 అశ్వశక్తికి పెంచారు. అక్కడ మార్చింది టర్బో ఒక్కదానినే కాదు. పెద్ద ఫ్యూయల్ పంపులు, గాలిని చల్లబరిచే పెద్ద కూలర్ కూడా అమర్చారు. లారీ యజమాని గ్రహించవలసిన విషయం ఇదే. టర్బో ఒంటరిగా పనిచేసే విడిభాగం కాదు, ఇంజిన్ మొత్తంతో ముడిపడిన ఏర్పాటు.

లెక్క చూస్తే..

పాత ఇంజిన్‌కు అర బార్, అంటే సుమారు 7 పీఎస్ఐ ఒత్తిడి ఇచ్చామనుకుందాం. గాలిని నొక్కితే వేడెక్కుతుంది. బయట 40 డిగ్రీలుంటే టర్బో దాటేసరికి గాలి దాదాపు 100 డిగ్రీలకు చేరుతుంది. వేడి గాలి పలుచన కాబట్టి, ఒత్తిడి ఒకటిన్నర రెట్లయినా ఇంజిన్‌కు చేరే గాలి పెరిగేది సుమారు 25 శాతమే. మధ్యలో ఇంటర్‌కూలర్ పెట్టి 60 డిగ్రీలకు చల్లబరిస్తే ఆ పెరుగుదల 40 శాతానికి చేరుతుంది. వేసవిలో నిప్పులు చెరిగే భూపాలపల్లి వంటి చోట ఇంటర్‌కూలర్ విలువ ఇక్కడే తెలుస్తుంది.

ఎత్తయిన ప్రాంతాల్లో టర్బో లాభం మరింత ఎక్కువ. సముద్ర మట్టానికి సుమారు 3,500 మీటర్ల ఎత్తున ఉన్న లేహ్‌లో గాలి ఒత్తిడి మూడో వంతు తగ్గిపోతుంది. అక్కడ టర్బో ఆ లోటును పూడుస్తుంది. మన జిల్లాల్లో ఆ లోటు లేదు. ఇక్కడ టర్బో ఇచ్చేది అదనపు బలమే. ఆ బలాన్ని మోయవలసింది పాత పిస్టన్లు, పాత బేరింగులే.

ఇంజిన్ పేరులోనే ఆనవాలు

మన రోడ్లపై తిరిగిన పాత టాటా ఇంజిన్ల పేర్లను గమనిస్తే చాలా సంగతులు తెలుస్తాయి. 697 అంటే 6 సిలిండర్లు, 97 మిల్లీమీటర్ల బోరు. 497 అంటే అదే బోరుతో 4 సిలిండర్లు. 483 అంటే 83 మిల్లీమీటర్ల బోరుతో 4 సిలిండర్లు. పేరు చివర 'టీసీ' అని ఉంటే టర్బో ఉన్నట్టు, 'టీసీఐసీ' అని ఉంటే ఇంటర్‌కూలర్ కూడా ఉన్నట్టు. ఈ మూడు రకాలూ కంపెనీ నుంచి టర్బో లేకుండానూ, టర్బోతోనూ వచ్చాయి.

ఇలాంటి ఇంజిన్ ఉన్నవారికి కొంత వెసులుబాటు ఉంది. అదే ఇంజిన్ టర్బో రకానికి చెందిన పిస్టన్లు, హెడ్ గ్యాస్కెట్, ఎగ్జాస్ట్ మానిఫోల్డ్, ఫ్యూయల్ పంపు దొరికితే మార్పు ఒక పద్ధతిలో సాగుతుంది. కంపెనీ టర్బో రకాన్ని ఎన్నడూ చేయని ఇంజిన్‌కైతే ఏది సరిపోతుందో చెప్పేవారుండరు. అంతా ప్రయోగమే. తుక్కులో దొరికిన ఏదో ఒక టర్బోను తగిలిస్తే మరింత ప్రమాదం. చిన్న ఇంజిన్ టర్బోను పెద్ద ఇంజిన్‌కు పెడితే అది హద్దు దాటిన వేగంతో తిరిగి పగిలిపోవచ్చు. పెద్ద ఇంజిన్ టర్బోను చిన్నదానికి పెడితే అది ఊపందుకునేసరికే ఎత్తు దాటిపోతుంది.

ముందు ఇంజిన్ ఆరోగ్యం

టర్బో కొనడానికి ముందే కంప్రెషన్ పరీక్ష చేయించాలి. సిలిండర్ల మధ్య 10 శాతానికి మించి తేడా వస్తే రింగులు, లైనర్లు, వాల్వుల సంగతి ముందు తేల్చుకోవాలి. ఇంజిన్ నడుస్తుండగా ఆయిల్ పోసే మూత తీసి చూడండి. పొగ గుప్పుగుప్పున పైకి తన్నుతుంటే సిలిండర్ల ఒత్తిడి రింగులు దాటి కిందికి దిగుతున్నట్టే. అలాంటి ఇంజిన్‌కు టర్బో పెడితే ఆ ఒత్తిడి మరింత పెరుగుతుంది. టర్బో నుంచి ఆయిల్ తిరిగి దిగకుండా అడ్డుపడుతుంది. ఇంజిన్ వేడి మీద ఉన్నప్పుడు ఆయిల్ ప్రెషర్ ఎంత ఉందో కూడా చూడాలి. అప్పటికే తక్కువగా ఉంటే టర్బో ఆలోచన మానుకోవడమే ఉత్తమం.

ఆయిలే ప్రాణం

టర్బో ఇరుసు పలుచని ఆయిల్ పొరపై తేలుతూ తిరుగుతుంది. కొన్ని క్షణాలు ఆయిల్ అందకపోయినా బేరింగు దెబ్బతింటుంది. ఆయిల్ తెచ్చే గొట్టం సన్నగా ఉన్నా ఫరవాలేదు గానీ, తిరిగి దిగే గొట్టం లావుగా, వంపులు లేకుండా కిందికి వాలుగా ఉండాలి. సంపులో ఆయిల్ మట్టానికి పైనే కలవాలి. కొత్తగా బిగించాక స్టార్ట్ చేసే ముందు టర్బోలో కొద్దిగా ఆయిల్ పోయాలి.

బరువుతో వచ్చిన బండిని ఆపగానే తాళం తిప్పేయరాదు. రెండు, మూడు నిమిషాలు మెల్లగా నడవనివ్వాలి. లేకుంటే కాగిన టర్బోలో నిలిచిన ఆయిల్ మాడి బొగ్గులా గట్టిపడుతుంది. టర్బో ఇంజిన్‌కు తగిన గ్రేడు ఆయిలే వాడాలి, మునుపటికంటే త్వరగా మార్చాలి. సీలు పాడై ఆయిల్ గాలితోపాటు ఇంజిన్‌లోకి చేరితే, ఇంజిన్ ఆ ఆయిల్‌నే ఇంధనంగా మండించుకుంటూ తాళం తీసినా ఆగకుండా పరుగెత్తే ప్రమాదం ఉంది.

పంపు తిప్పితే చేటు

గాలి పెరిగింది కదా అని ఫ్యూయల్ పంపు స్క్రూ తిప్పి డీజిల్ పెంచడం పరిపాటి. తగిన డీజిల్ పెంచకపోతే బలం పెరగని మాట వాస్తవం. కానీ టర్బో ఇంకా ఊపందుకోక ముందే అదనపు డీజిల్ పడితే మిగిలేది నల్లటి పొగే. అందుకే కంపెనీ టర్బో ఇంజిన్ల పంపులకు గాలి ఒత్తిడిని బట్టి డీజిల్‌ను పెంచే అమరిక ఉంటుంది. ఈ పనిని పంపు కాలిబ్రేషన్ బెంచి ఉన్న చోటనే చేయించాలి.

టర్బోకు ముందు పొగ వేడిని చూపే మీటరు ఒకటి పెట్టించుకోవడం మంచిది. బరువుతో ఎత్తు ఎక్కేటప్పుడు 700 డిగ్రీలు దాటుతుంటే పిస్టన్లకు ముప్పు మొదలైనట్టే. డ్రైవరు కాలు తీయాలి, గేరు తగ్గించాలి. రేడియేటర్ పూడిక కూడా ముందే తీయించాలి. అదనంగా పుట్టే వేడిలో కొంత నీటిలోకే చేరుతుంది.

ఏ దారికి ఏ బండి?

మహబూబాబాద్, కేసముద్రం, తొర్రూరు చుట్టుపక్కల పల్లెల మధ్య ఆగుతూ సాగే వ్యాన్లకు టర్బోతో ఒరిగేది తక్కువ. ఇంజిన్ వేగంగా, బరువు మీద తిరిగినప్పుడే టర్బో పనిచేస్తుంది. జనగామ మీదుగా హైదరాబాద్-వరంగల్ జాతీయ రహదారిపై నిండు బరువుతో గంటల తరబడి నడిచే లారీకి ప్రయోజనం కనిపిస్తుంది. బొగ్గు, ఇసుక దారుల్లో తిరిగే బండ్లకు ధూళే పెద్ద శత్రువు. ఎయిర్ ఫిల్టర్ వద్ద చిన్న చీలిక ఉన్నా, హోస్ క్లిప్పు వదులైనా ఇసుక రేణువులు టర్బో రెక్కలను అరగదీస్తాయి. అక్కడ ఫిల్టరును రోజూ చూసుకోగలిగితేనే టర్బో జోలికి వెళ్లాలి.

మైలేజీ బాగా పెరుగుతుందన్న ఆశ కూడా వద్దు. పెరిగిన బలాన్ని వేగానికి వాడితే డీజిల్ ఖర్చు ఎక్కువే అవుతుంది. ఇంజిన్ బలం పెరిగినంత మాత్రాన బ్రేకులు, క్లచ్, గేర్‌బాక్స్ బలపడవు. ఆర్సీలో రాసిన బరువు పరిమితి కూడా ఒక్క కిలో పెరగదు.

చట్టం ఏమంటోంది?

మోటారు వాహనాల చట్టం-1988లోని 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు నిర్దేశించిన వివరాలకూ ఆర్సీకీ భిన్నంగా బండిని మార్చరాదు. సుప్రీంకోర్టు 2019 జనవరిలో ఈ విషయాన్నే స్పష్టం చేసింది. అదే ఏడాది సవరణతో చేరిన 182ఏ సెక్షన్ కింద, అనుమతి లేని మార్పు ఒక్కొక్కదానికి యజమానికి రూ.5 వేల జరిమానా లేదా 6 నెలల వరకు జైలు, లేదా రెండూ విధించవచ్చు. ఇంజిన్ మార్చినా రవాణా శాఖకు తెలిపి ఆర్సీలో నమోదు చేయించుకోవాలి. తెలపని మార్పు ఉన్న బండి ప్రమాదానికి గురైతే బీమా పరిహారం వద్దా చిక్కులు తప్పవు. రవాణా వాహనం ఎనిమిదేళ్లు దాటాక ఏటా ఫిట్‌నెస్ పరీక్షకు వెళ్లవలసిందే. కాబట్టి మార్పు ఎంతోకాలం దాగదు. పని మొదలుపెట్టక ముందే జిల్లా రవాణా కార్యాలయంలో అడిగి, రాతపూర్వక అనుమతి పొందడం క్షేమం.

బిగించే ముందు తేల్చుకోండి

* మీ ఇంజిన్‌కు కంపెనీ టర్బో రకం ఉందా? దాని విడిభాగాలు దొరుకుతున్నాయా?
* కంప్రెషన్, ఆయిల్ ప్రెషర్ పరీక్షల్లో ఇంజిన్ నెగ్గిందా?
* పిస్టన్లు, గ్యాస్కెట్, పంపు పని, ఇంటర్‌కూలర్, రేడియేటర్.. అన్నీ కలిపిన ఖర్చు కాగితంపై రాయించుకున్నారా?
* ఆ మొత్తానికి కంపెనీ టర్బోతోనే వచ్చిన మంచి పాత బండి దొరుకుతుందేమో చూశారా?
* రవాణా శాఖ అనుమతి చేతికి వచ్చిందా?

వీటిలో ఏ ఒక్కదానికి 'లేదు' అన్న సమాధానం వచ్చినా టర్బో మాట ప్రస్తుతానికి పక్కన పెట్టండి. ఇంజెక్టర్లు శుభ్రం చేయించి, వాల్వు క్లియరెన్స్ సరిచేయించి, ఎయిర్ ఫిల్టర్ మార్పించి, పంపు కాలిబ్రేషన్ చేయించండి. పాత ఇంజిన్ కోల్పోయిన పికప్‌లో చాలా భాగం తిరిగి రావడానికి తరచూ ఈ మాత్రం పనే సరిపోతుంది.