కారు దానమిచ్చే ముందు

గోదానం, భూదానం, అన్నదానం, వస్త్రదానం అని మన పెద్దలు దానాలను వరుసగా చెప్పారు. వాటిలో కారు దానం లేదు. వారి కాలంలో కారు లేదు గనుక వారు చెప్పలేదు. మన కాలంలో ఉన్నది గనుక మనం చెప్పుకోవలసి వచ్చింది.

మన కెలమంగలం, డెంకణికోట, రాయకోట ప్రాంతాల తెలుగు కుటుంబాల పిల్లలు చాలామంది హొసూరు ఫాక్టరీల్లోనూ, బెంగుళూరు ఆఫీసుల్లోనూ కుదురుకొన్నారు. వారిలో చేతిలో నాలుగు డబ్బులు ఆడినవారు బెంజికారో, ఆడికారో మోజుపడి కొన్నారు. సంతోషమే. పన్నెండు పదమూడేళ్లు గడిచేసరికి ఆ కారు ముసుగు కప్పుకొని వాకిట్లో నిలబడిపోతుంది. అమ్మబోతే బేరగాడు చెప్పే ధర విని ప్రాణం చివుక్కుమంటుంది. అప్పుడు ఇంటి యజమాని నోటినుంచి ఒక మాట వస్తుంది: "ఇంత తక్కువకు అమ్మేకంటె ఏ అనాథాశ్రమానికో ఇచ్చేద్దాం. పుణ్యమైనా వస్తుంది."

మాట మంచిదే. మనస్సూ మంచిదే. కాని కారును ఉన్నదున్నట్టుగా తోలుకొనిపోయి ఆశ్రమం గుమ్మంలో నిలపడం మంచి దానమేనా అన్నది ఆలోచించవలసిన సంగతి.

కఠోపనిషత్తులోని నచికేతుని కథ మన ఇండ్లలో పిల్లలకు కూడా తెలుసు. తండ్రి యజ్ఞం చేసి గోవులను దానమిస్తున్నాడు. ఆ గోవులు ముసలివి; పాలివ్వడం, ఈనడం ఎప్పుడో అయిపోయినవి. వాటిని పుచ్చుకొన్నవారు మేత వేయవలసిందే గాని తిరిగి పొందేది ఏమీ లేదు. ఇటువంటి దానం వల్ల ఏమి ఫలమని ఆ పసివాడు దిగులుపడ్డాడు. కథ అక్కడినుంచే యముని ఇంటికి నడిచింది. పాత పెద్దకారు కూడా ఇంచుమించు ఆ గోవువంటిదే. ఏళ్లు గడిచినకొద్దీ కారు ధర తగ్గుతుంది గాని దాని తిండి తగ్గదు. విడిభాగాలు చాలావరకు బయటి దేశాలనుంచి రావాలి. చిన్న సెన్సారు పోయినా మన ఊరి మెకానిక్కు చేయి పెట్టడు. బెంగుళూరుకు తీసుకొని పొమ్మంటాడు. కొన్నింటికి చక్రాల దగ్గర స్ప్రింగుల బదులు గాలితిత్తులు ఉంటాయి. అవి కుంగితే మార్చే ఖర్చుతో ఒక పాత మారుతి కొనుక్కోవచ్చును. బేరగాడు ధర తగ్గించేది కూడా ఈ లెక్క తెలిసే.

మేమెరిగిన ఒక చిన్న ఆశ్రమానికి ఇట్లాగే ఒక పెద్దకారు వచ్చింది. ఇచ్చినాయన పూలదండ వేసి ఫోటో తీయించుకొని వెళ్లాడు. వద్దంటే మళ్లీ సాయం చేయడేమోనని ఆశ్రమం పెద్ద నోరు మెదపలేదు. ఆ ఏడాది బ్యాటరీకి, నాలుగు టైర్లకు, ఇన్సూరెన్సుకు పెట్టిన డబ్బు పిల్లల నెల బియ్యం ఖర్చును దాటింది. అంచెట్టి వైపు కొండదారిలో ఒకసారి తీసుకొని పోతే కిందిభాగం రాయికి తగిలి నూనె కారిపోయింది. ఆ తరువాత అది చింతచెట్టు కింద నిలిచింది.

మరి కారును ధర్మానికి ఎట్లా ఉపయోగించాలి? దీనికి మన దేశంలోనే ఒక చక్కని ఉదాహరణ ఉన్నది. 1964 డిసెంబరులో పోపు ఆరవ పాల్ బొంబాయి వచ్చారు. అక్కడ ఆయన తిరగడానికి అమెరికావారు ఇచ్చిన తెల్లని లింకన్ కాంటినెంటల్ కారును వెళ్లిపోతూ మదర్ థెరిసాకు ఇచ్చారు. ఆమె ఆ కారెక్కి కలకత్తా వీధుల్లో తిరగలేదు. టిక్కెట్లు అమ్మించి లాటరీ పెట్టి, వచ్చిన సొమ్మును అసన్సోల్ దగ్గర కుష్ఠురోగుల కోసం కట్టదలచిన శాంతినగరానికి వినియోగించారు. కారుకు డ్రైవరును, పెట్రోలును వెదుక్కొనే బదులు దానిని ఇటుకలుగా, మందులుగా మార్చారన్నమాట. (మన ప్రాంతంలో ఎవరూ లాటరీ మాత్రం తలపెట్టవద్దు. తమిళనాడులో 2003 నుంచి లాటరీలు నిషిద్ధం.)

అంతకుముందు గాంధీగారు 1933-34 హరిజన యాత్రలో చేసినది కూడా ఇదే. తనకు కానుకగా వచ్చిన వస్తువులను సభలోనే వేలం వేసి ఆ డబ్బును నిధికి జమకట్టేవారు. ఈ కాలానికి వస్తే, పోపు ఫ్రాన్సిస్ తనకు 2017లో ఇచ్చిన లాంబోర్గిని కారును వాడుకోలేదు. అది 2018లో వేలంలో 7,15,000 యూరోలకు పోయింది. ఆ డబ్బు ధర్మకార్యాలకు వెళ్లింది.

అమెరికాలో ఉన్న మన బంధువులు, "ఇక్కడ ఒక్క ఫోను కొడితే వచ్చి కారు లాక్కొనిపోతారు, పన్ను కూడా తగ్గుతుంది" అని చెప్పుతూ ఉంటారు. నిజమే. కాని అక్కడ కూడా ధర్మసంస్థలు ఆ కార్లలో చాలావాటిని వేలానికి పంపి డబ్బు చేసుకొంటాయి. పూర్వం దాతలు కారుకు లేని విలువ కట్టి పన్ను తగ్గించుకొనేవారు. 2004లో చట్టం మార్చారు. 500 డాలర్లకు మించి రాయితీ కోరితే, సాధారణంగా ఆ సంస్థ కారును నిజంగా ఎంతకు అమ్మిందో అంతకే రాయితీ.

మన దేశంలో ఆ పాటి కూడా లేదు. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టంలోని 80జి సెక్షను డబ్బు రూపంలో ఇచ్చినదానికే రాయితీ ఇచ్చింది. వస్తురూపంలో ఇస్తే లేదన్నది. 2017 మార్పు తరువాత నగదు కూడా 2,000 రూపాయలు దాటితే చెల్లదు. చెక్కు ద్వారానో, బ్యాంకు ద్వారానో పంపాలి. కొత్త పన్ను విధానం ఎంచుకొన్నవారికి ఆ రాయితీ కూడా ఉండదు. కాబట్టి పన్ను తగ్గుతుందని కారు ఇవ్వబోయేవారు ఆ ఆశ మానుకోవడం మంచిది.

ఇంతకంటె ముఖ్యమైనది రిజిస్ట్రేషను సంగతి. ఏనుగును ఇచ్చి అంకుశం దగ్గర పేచీ పెట్టినట్టు, కారు తాళాలు ఇచ్చి ఆర్.సి. పుస్తకంలో పేరు మార్చనివారు ఎందరో ఉన్నారు. ఆఫీసు కాగితాల మధ్య పొద్దుపుచ్చే మావంటివారికి ఇదే అన్నిటికంటె భయం. సుప్రీంకోర్టు 2018 ఫిబ్రవరిలో ఒక తీర్పు చెప్పింది. ఒక కారును అమ్మేశారు. అది చేతులు మారుతూ పోయింది. 2009లో ప్రమాదం జరిగింది. రిజిస్టరులో మాత్రం మొదటి యజమాని పేరే ఉన్నది. చట్టం దృష్టిలో ఆయనే యజమాని, నష్టపరిహారం బాధ్యత ఆయనదేనని కోర్టు తేల్చింది. ధర్మానికి ఇచ్చామన్న మాట అక్కడ అక్కరకు రాదు.

అందుచేత 29, 30 నంబరు ఫారాలు నింపి ఆర్.టి.ఓ. ఆఫీసులో దాఖలు చేయాలి. ఒకే రాష్ట్రంలో అయితే ఇచ్చినవారు 14 రోజుల్లోగా, పుచ్చుకొన్నవారు 30 రోజుల్లోగా తెలియజేయాలని చట్టం. మన పిల్లల కార్లు చాలావరకు కర్ణాటక నంబరువి. అటువంటి కారు హొసూరుకో, కృష్ణగిరికో మారాలంటే అక్కడినుంచి నిరభ్యంతర పత్రం తేవాలి, ఇక్కడ మళ్లీ రోడ్డు పన్ను కట్టాలి. బ్యాంకు అప్పు తీరినా ఆర్.సి.లో బ్యాంకు పేరు ఉండిపోతే దానిని ముందు తీయించాలి. ఈ ఖర్చులన్నీ పుచ్చుకొన్నవారి నెత్తిన పెట్టడం న్యాయం కాదు.

వయస్సు కూడా చూడాలి. 15 ఏళ్లు దాటిన కారును తనిఖీ చేయించి రిజిస్ట్రేషను పొడిగించుకోవాలి. ఆ ఫీజు 2022 ఏప్రిలు నుంచి 600 రూపాయలనుంచి 5,000కు పెరిగింది. దిగుమతి చేసుకొన్న కారుకు 40,000. ఇరవై ఏళ్లు దాటినవాటికి 2025లో ఈ రెండు ఫీజులూ రెట్టింపు చేశారు.

ఇవన్నీ విని దానబుద్ధి మానుకోమని మా అభిప్రాయం కాదు. దారులు మూడున్నాయి.

కారు తిరిగే స్థితిలో ఉంటే మీరే అమ్మండి. బేరమాడే తీరిక, తెలివి ఆశ్రమం పెద్దకంటె మీకే ఎక్కువ. పేరు మార్పించి, వచ్చిన డబ్బును బ్యాంకు ద్వారా పంపి రసీదు తీసుకోండి. ధర తక్కువని బాధపడవద్దు. మీకు తక్కువగా కనబడిన ఆ మొత్తం ఒక చిన్న ఆశ్రమానికి చాలా నెలల గ్రాసం.

కారు తిరగకపోయినా ఇంజను, గేరుపెట్టె బాగుంటే ఏ ఐ.టి.ఐ.నో, పాలిటెక్నిక్కునో అడిగి చూడండి. పక్కనే హొసూరులో లారీలు, మోటారు సైకిళ్లు తయారవుతున్నాయి; ఆ పనులకు పోదలచిన కుర్రవాళ్లు మన ఊళ్లలోనే ఉన్నారు. విప్పి బిగించి నేర్చుకోవడానికి అటువంటి కారు పనికివస్తుంది. వస్తువును వస్తువుగానే ఇవ్వదగిన చోటు ఇదొకటి. ఆర్.సి. సంగతి మాత్రం ఇక్కడ కూడా తేల్చుకోవాలి.

ఎందుకూ పనికిరాకపోతే ప్రభుత్వం గుర్తించిన తుక్కు కేంద్రానికి అప్పగించండి. 2021 నిబంధనల ప్రకారం వారు డిపాజిట్ సర్టిఫికెటు ఇస్తారు, రిజిస్ట్రేషను రద్దవుతుంది. తుక్కు ధరను ధర్మానికి ఇవ్వవచ్చును.

ఏ దారి పట్టినా, బయలుదేరేముందు ఆశ్రమానికి వెళ్లి, "అయ్యా, మీకు ఇప్పుడు ఏమి కావాలి?" అని ఒక్క మాట అడగవలసిందిగా పాఠకులకు మనవి. మేము అడిగినచోట్ల బియ్యమన్నారు, పిల్లల బడి ఫీజులన్నారు, వానకాలానికి ముందు కప్పు బాగుచేయించాలన్నారు. పెద్దకారు కావాలన్నవారు మాకు ఇంతవరకు తగలలేదు.