అన్నం తిన్నారో లేదో మాత్రకేం తెలుసు?

"భోజనానికి లేస్తున్నాను, నా షుగరు బిళ్ళ ఏదర్రా?" అని తాతగారు కేక వేయడం మీలో చాలామంది వినే ఉంటారు. కొన్ని షుగరు బిళ్ళలను అన్నానికి కాస్త ముందుగానో, అన్నంతోపాటో వేసుకోమంటారు. ఎందుకు? ఏకాదశి అని ఆయన పస్తు ఉంటే, ఆ రోజు కూడా బిళ్ళ వేసుకోవచ్చా? జవాబు కోసం మనం 1942 నాటి ఫ్రాన్సు దేశానికి వెళ్ళాలి.

అవి రెండవ ప్రపంచ యుద్ధపు రోజులు. మాంపెల్యే నగరంలో మార్సెల్ జాంబాన్ అనే డాక్టరు టైఫాయిడ్ రోగులకు సల్ఫా జాతికి చెందిన ఒక కొత్త మందు ఇచ్చి చూస్తున్నాడు. జ్వరం సంగతి అలా ఉంచి, కొందరికి మూర్ఛలు వచ్చాయి, కొందరికి స్పృహ తప్పింది, కొందరు మరణించారు కూడా. కారణం వెదికితే, వారి రక్తంలో చక్కెర బాగా పడిపోయి ఉంది!

అదే ఊరిలో ఆగస్త్ లూబాతియేర్ అనే శరీరధర్మ శాస్త్రజ్ఞుడు ఉన్నాడు. ఆయన ఆ మందును కుక్కలకు ఇచ్చాడు. వాటి రక్తంలో కూడా చక్కెర తగ్గింది. తరువాత క్లోమగ్రంథిని తీసివేసిన కుక్కలకు ఇచ్చాడు. ఈసారి చక్కెర తగ్గలేదు. అంటే ఏమిటి? మందు తనంత తానుగా చక్కెరను కరిగించడం లేదన్నమాట. అది క్లోమాన్ని తట్టి, ఇన్సులిన్‌ను బయటికి పంపిస్తోంది. ఎంత తేలికైన ప్రయోగం, ఎంత తేటగా వచ్చింది జవాబు!

ఇన్సులిన్ వైద్యం 1922లోనే మొదలైంది. కాని అది ప్రోటీను. మింగితే పప్పులోని ప్రోటీనులాగే జీర్ణమైపోతుంది. అందుకే సూదిమందుగా ఇస్తారు. రోగి క్లోమంలో ఉన్న ఇన్సులిన్‌నే విడుదల చేయించే బిళ్ళ దొరికితే కొందరికి సూది బాధ తప్పుతుంది గదా! లూబాతియేర్ చూపిన దారిలో 1950ల నడుమ కార్బుటమైడ్, టోల్బుటమైడ్ అనే బిళ్ళలు వాడకంలోకి వచ్చాయి. ఈనాటి గ్లిమిపిరైడ్, గ్లిక్లజైడ్ వాటి వంశంలోవే. వీటిని సల్ఫోనైల్ యూరియాలు అంటారు.

ఇక వీటి పని చూద్దాం. క్లోమంలోని బీటా కణాల గోడలో సన్నని ద్వారాలు ఉంటాయి. వాటిగుండా పొటాషియం బయటికి పోతూ ఉంటుంది. మనం అన్నం తిన్నాక గ్లూకోజు ఆ కణాలలోకి చేరి శక్తిగా మారుతుంది. ఆ శక్తి వల్ల పొటాషియం ద్వారాలు మూసుకుంటాయి. దానితో కణం గోడ వద్ద విద్యుత్తు స్థితి మారి, కాల్షియం ద్వారాలు తెరుచుకుంటాయి. కాల్షియం లోపలికి రాగానే, చిన్న చిన్న సంచులలో దాచి ఉన్న ఇన్సులిన్ రక్తంలోకి వస్తుంది. బిళ్ళ చేసేదల్లా గ్లూకోజు కోసం చూడకుండా పొటాషియం ద్వారాలను తానే మూసివేయడం.

చిక్కంతా ఇక్కడే ఉంది. మామూలుగా చక్కెర తగ్గితే ఇన్సులిన్ కూడా తగ్గుతుంది. కాని కడుపులో అన్నం ఉందో లేదో బిళ్ళకు తెలియదు. పస్తున్న రోజున కూడా అది క్లోమాన్ని తరుముతూనే ఉంటుంది. అందుకే ఉపవాసం ఉండదలచినవారు ఆనాటి మందు సంగతి ముందుగానే డాక్టరును అడగాలి. మోతాదును ఇంట్లోవాళ్ళు నిర్ణయించేది కాదు.

బీటా కణాలు నశించిపోయిన వారికి, అంటే చిన్నతనంలోనే ఎక్కువగా మొదలయ్యే మొదటి రకం మధుమేహం ఉన్నవారికి, ఈ బిళ్ళలు పనికిరావు. క్లోమం లేని కుక్క సంగతి చూశాం గదా! వారికి ఇన్సులినే కావాలి. అన్ని షుగరు బిళ్ళలూ ఒకటి కావని కూడా గుర్తుంచుకోండి. ఈనాడు చాలామంది వాడే మెట్‌ఫార్మిన్ క్లోమాన్ని తరమదు. కాలేయం రక్తంలోకి వదిలే గ్లూకోజును తగ్గిస్తుంది. అందుచేత అది ఒక్కటే వాడేవారిలో చక్కెర మరీ పడిపోవడం అరుదు.

100 మిల్లీలీటర్ల రక్తంలో చక్కెర 70 మిల్లీగ్రాములకన్నా తగ్గితే జాగ్రత్త పడాలి. చెమటలు పట్టడం, చేతులు వణకడం, గుండె దడ, ఉన్నట్టుండి ఆకలి, తికమకగా మాట్లాడడం దాని గుర్తులు. తాతగారు ఇలా కనబడితే, స్పృహలో ఉన్నంతవరకు మూడు నాలుగు చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి తాగించి, పెద్దవాళ్ళను పిలవండి. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకూడదు, అది ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి. తేరుకున్నారు గదా అని వదిలేయకూడదు. కొన్ని బిళ్ళల ప్రభావం రోజంతా ఉంటుంది, మూత్రపిండాలు బలహీనమైన ముసలివారిలో ఇంకా ఎక్కువసేపు ఉంటుంది. తాగించిన చక్కెర ఖర్చయిపోయాక, బిళ్ళ మళ్ళీ తన పని మొదలుపెడుతుంది.