మడిలో బుడగలు: మన పొలం గాలికి ఏమిస్తోంది?



పైనున్న వీడియో నిరుడు సార్వాలో మా వరి మడిలో తీసింది. ఫోను పట్టుకున్నది మా తమ్ముడి కూతురు, అగ్రికల్చర్ బీఎస్సీ చదువుతోంది. నేను బురదలో నిలబడి, "ఎనిమిదేళ్ళుగా ఈ మడికి ఒక్క గింజ యూరియా వెయ్యలేదు, ఒక్క చుక్క పురుగుమందు కొట్టలేదు. మా వల్ల నేలకీ గాలికీ ఏ హానీ లేదు" అని ధీమాగా చెబుతున్నాను. అడుగు తీసి అడుగు వేసినప్పుడల్లా కాళ్ళ చుట్టూ బుడబుడమని బుడగలు లేస్తున్నాయి.

"పెదనాన్నా, ఆ బుడగల్లో ఏముందో తెలుసా?" అంది.

"ఏముంటుంది? బురదలో ఇరుక్కున్న గాలి."

"గాలి కాదు. మన పెరట్లో గోబర్ గ్యాస్ తొట్టిలో తయారయ్యేదే. మీథేన్."

వీడియోలో ఆ ముక్క కత్తిరించలేదు. నా మొహం చూస్తే మీకే తెలుస్తుంది. ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు. ఆ తర్వాత ఆ పిల్లని కూర్చోబెట్టుకుని నేర్చుకున్నదీ, మడిలో చేసి చూసిందీ ఇక్కడ రాస్తున్నాను.

ఆ బుడగలు కొత్తవి కావు

1776లో ఇటలీలో అలెస్సాండ్రో వోల్టా అనే ఆయన మజోరె సరస్సు ఒడ్డున బురదను కర్రతో కెలికి, పైకి లేచిన బుడగల్ని సీసాలో పట్టాడు. నిప్పు పెడితే మండింది. అదే మీథేన్. విద్యుత్తును కొలిచే 'వోల్టు' ఆయన పేరు మీద వచ్చిందే.

పేడ తొట్టికి మూత ఎందుకు బిగిస్తాం? లోపలికి గాలి పోకుండా. గాలి లేనిచోట బతికే సూక్ష్మజీవులు పేడని తిని మీథేన్ వదులుతాయి. వరి మడిలో నిలిచిన నీరు కూడా అలాంటి మూతే. నీటి కింద గాలి ఆడదు. అక్కడ ఎండుగడ్డో, పచ్చిరొట్టో, వేరు కుళ్ళో ఉంటే ఆ జీవులకి పండగ. బుడగల్లో కనిపించేది కొంతే. ఎక్కువ భాగం వరి మొక్క కాండంలోని సన్నటి గాలి గొట్టాల గుండా, కంటికి కనపడకుండా పైకి పోతుంది.

గాలి మారిపోయింది

గాలిలో నూటికి 78 పాళ్ళు నత్రజని, 21 పాళ్ళు ఆక్సిజన్, ఒక పాలుకి కాస్త తక్కువ ఆర్గాన్. మిగిలిందంతా కలిపినా అన్నంలో ఉప్పంత కూడా ఉండదు. కానీ భూమి ఎంత వేడెక్కాలన్నది ఆ చిటికెడులోనే ఉంది.

1958 మార్చిలో చార్లెస్ డేవిడ్ కీలింగ్ అనే శాస్త్రవేత్త హవాయి దీవుల్లో మౌనా లోవా కొండ మీద కార్బన్ డయాక్సైడ్ కొలవడం మొదలుపెట్టారు. అప్పుడు పది లక్షల పాళ్ళ గాలిలో అది 313 పాళ్ళు. 2013 మేలో మొదటిసారి రోజు సగటు 400 తాకింది. 2024 సగటు 424 దాటింది. ఆ గీత ఏటా రంపం పళ్ళలా పైకీ కిందకీ ఆడుతుంది. ఉత్తరార్ధగోళంలో చెట్టూ చేమా చిగిర్చే కాలంలో దిగుతుంది, ఆకు రాలి కుళ్ళే కాలంలో ఎక్కుతుంది. అంటే పచ్చదనం పీల్చుకోవడం ఆ గీతలో కళ్ళకి కనబడుతుంది. కానీ దిగినదానికంటే ఎక్కడం ఎక్కువ. బొగ్గూ పెట్రోలూ కాల్చడమే దానికి ప్రధాన కారణం.

అంతకుముందు గాలి ఎలా ఉండేదో ఎలా తెలుసు అని నేనూ అడిగాను. దానికీ బుడగలే సాక్ష్యం. అంటార్కిటికాలో మంచు పొర మీద పొర పడేటప్పుడు ఆనాటి గాలి చిన్న చిన్న బుడగలుగా అందులో చిక్కుకుంటుంది. ఆ మంచును లోతుగా తొలిచి తీసి 8 లక్షల ఏళ్ళ గాలిని పరీక్షించారు. అన్నేళ్ళలో కార్బన్ డయాక్సైడ్ 300 చుట్టుపక్కలే ఆగింది. మీథేన్ 1750 ప్రాంతంలో వంద కోట్ల పాళ్ళకి సుమారు 720 పాళ్ళు ఉండేది, ఇప్పుడు 1,900 పైన. నైట్రస్ ఆక్సైడ్ 270 నుంచి 335 దాటింది.

మా తాత ఏ గాలి కింద వరి పండించాడో, ఆ గాలి కింద మనం పండించడం లేదు.

యూరియా లెక్క

ఈ మూడో వాయువు, నైట్రస్ ఆక్సైడ్, మన ప్రకృతి వ్యవసాయదారులకి బాగా తెలియాల్సింది. జర్మనీలో ఫ్రిట్జ్ హేబర్ గాలిలోని నత్రజనిని అమ్మోనియాగా మార్చే దారి కనిపెట్టాడు. 1913లో దాన్ని ఫ్యాక్టరీలో పెద్ద ఎత్తున తయారుచెయ్యడం మొదలైంది. యూరియా బస్తాకి మూలం అదే. అది కోట్లమంది కడుపు నింపిందన్నది నిజం, కాదనకూడదు. కానీ వేసిన నత్రజని అంతా పైరుకి అందదు. మట్టిలోని సూక్ష్మజీవులు అందులో కొంత నైట్రస్ ఆక్సైడ్‌గా మార్చి గాలిలోకి వదులుతాయి. మెట్ట చేలో అది సుమారు నూటికి ఒక పాలని లెక్క కడతారు.

ఒక పాలే కదా అనిపిస్తుంది. 45 కిలోల యూరియా బస్తాలో నత్రజని 20 కిలోల పైన. దాని నుంచి సుమారు 300 గ్రాముల నైట్రస్ ఆక్సైడ్ లేస్తుంది. వందేళ్ళ లెక్కలో అది కార్బన్ డయాక్సైడ్ కంటే దాదాపు 270 రెట్లు వేడి పట్టి ఉంచుతుంది. అంటే ఒక్క బస్తా 80 కిలోల కార్బన్ డయాక్సైడ్‌కి సమానం. పైగా అది ఓజోన్ పొరని కూడా తింటుంది.

గాలిలో దాని ఆయుష్షు వందేళ్ళకి పైమాటే. మా నాన్న 1975లో వేసిన యూరియా నుంచి లేచినదాంట్లో సగానికి పైగా ఇంకా మన నెత్తి మీదే ఉంది. నాన్న పోయి చాలా కాలమైంది. ఆయన చల్లిన బస్తా ఇంకా పోలేదు. ఈ మాట విన్నాక యూరియా మానేసినందుకు ఇంకోసారి సంతోషించాను. పేడలోనూ, జీవామృతంలోనూ నత్రజని ఉంటుంది, అసలు ఏమీ లేవదని చెప్పను. కానీ ఎకరానికి పది కిలోల పేడతో చేసే జీవామృతంలో ఉండే నత్రజని, బస్తా యూరియాతో పోలిస్తే ఎంత?

సగం పరీక్ష పాసయ్యాం. మిగతా సగం మడిలో నీరు.

వాఫస వరికీ కావాలి

మనం బీజామృతం, జీవామృతం, ఆచ్ఛాదన, వాఫస అని నాలుగూ వల్లె వేస్తాం. వాఫస అంటే మట్టి సందుల్లో తేమా గాలీ రెండూ ఉండటం. మినుముకి, కూరగాయలకి ఈ మాట గుర్తుంటుంది. వరి దగ్గరకొచ్చేసరికి మర్చిపోయి గట్టు దాకా నీళ్ళు పెడతాం. నేనూ అంతే. నీళ్ళు నిండుగా ఉంటేనే మడి అనే అలవాటు.

దానికి తోడు మన దగ్గర ఇంకో చిక్కుంది. పచ్చిరొట్ట. జీలుగ, పిల్లిపెసర దున్ని, వెంటనే నీళ్ళు పెట్టి దమ్ము చేస్తాం. తిండి పెట్టి మూత బిగించినట్టు. మీథేన్ ఎక్కువ లేచేది అప్పుడే. యూరియా పొలంలో కంటే కూడా ఎక్కువ లేవచ్చు. అలాగని పచ్చిరొట్ట మానమని కాదు. వీలైనంత ముందుగా కలియదున్ని, తడి ఆరిన నేలలో కొన్నాళ్ళు చివకనివ్వాలి. వరిగడ్డి అయితే నాట్లకి నెల ముందే కలపాలి, లేదా కంపోస్టు చేసి వెయ్యాలి. తగలబెట్టడం మాత్రం వద్దే వద్దు.

నీటి సంగతికి వస్తే, తడిపొడి పద్ధతి. శ్రీ వరి చేసినవాళ్ళకి కొత్త కాదు. నేను చేసింది ఇది:

- అడుగు పొడవున్న ప్లాస్టిక్ పైపు ముక్క, నాలుగంగుళాల వెడల్పుది తీసుకున్నా. కింది సగానికి చుట్టూ బెజ్జాలు పెట్టా.
- ఆ సగం మట్టిలోకి దిగేట్టు మడిలో పాతి, లోపలి మట్టి చేత్తో తీసేశా. ఇప్పుడు భూమి లోపల నీరు ఎంత లోతున ఉందో కళ్ళకి కనబడుతుంది.
- నాటిన రెండు వారాల తర్వాత మొదలుపెట్టా. పైపులో నీరు నేలకంటే ఆరంగుళాల కిందికి దిగినప్పుడే మళ్ళీ రెండంగుళాల నీరు.
- పూతకి వారం ముందు నుంచి వారం తర్వాత దాకా నీరు ఆరనివ్వలేదు. అప్పుడు ఎండితే తాలు పడుతుంది.

నేల ఆరినప్పుడు గాలి లోపలికి దిగుతుంది. మీథేన్ చేసే జీవులు ఆగిపోతాయి. అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థ ప్రచారం చేసిన ఈ పద్ధతితో మీథేన్ సగం దాకా తగ్గుతుందని లెక్క. ఆరబెట్టినప్పుడు నైట్రస్ ఆక్సైడ్ కొంచెం పెరుగుతుంది, యూరియా వేసిన మడిలో ఇంకా ఎక్కువ. అంటే ఈ పద్ధతి మనకే బాగా నప్పుతుంది.

కష్టం కూడా చెప్పాలి

మాది కాలువ కింద పొలం. మాకు నీరు పై మడిలోంచి వస్తుంది. వంతు వచ్చినప్పుడు పెట్టుకోకపోతే మళ్ళీ ఎప్పుడో తెలియదు. మొదటిసారి మడి ఆరబెట్టినప్పుడు గట్టు మీద నిలబడి రోజుకి నాలుగుసార్లు పైపులోకి తొంగి చూశాను. పక్క పొలం ఆయన, "ఏమయ్యా, నీళ్ళుండగా ఎండబెడుతున్నావు, మతి పోయిందా?" అన్నాడు. నల్లరేగడి కాబట్టి నెర్రెలు విచ్చకుండా జాగ్రత్త పడాలి, విచ్చితే పెట్టిన నీరంతా కిందికే. కలుపు ఎక్కువొచ్చింది, కోనోవీడర్ ఒకసారి అదనంగా తిప్పించా.

పిలకలు మాత్రం బాగా వేశాయి. పైరు పడిపోలేదు. గింజ తగ్గలేదు. ఈ ఏడు ఎకరం కాదు, మొత్తం రెండున్నర ఎకరాలూ ఇలాగే చేస్తున్నా.

"మనొక్కళ్ళం మానితే గాలి మారుతుందా?" అని మీరంటారు. నేనూ అన్నాను. నిజమే, కార్బన్ డయాక్సైడ్ మన గట్టు మీద తేలేది కాదు. కానీ మీథేన్ గాలిలో నిలిచేది ఓ పన్నెండేళ్ళే. వదలడం తగ్గిస్తే ఫలితం మన కళ్ళముందే కనబడుతుంది. ఓజోన్ పొర విషయంలో 1987లో మాంట్రియల్‌లో దేశాలు ఒప్పందం చేసుకుని ఆ పొరను తినే వాయువుల్ని చాలావరకు తగ్గించాయి, ఇప్పుడది మెల్లగా మానుతోంది. గాలి పాడవడమే కాదు, బాగుపడటం కూడా జరుగుతుంది.

మొన్న మళ్ళీ మడిలో దిగాం. ఫోను ఆ పిల్ల చేతిలోనే ఉంది. నేల తడిగా, గట్టిగా ఉంది. అడుగు వేశాను. బుడగ లేవలేదు.

"ఇప్పుడు చెప్పు పెదనాన్నా, ఏ హానీ లేదని" అంది నవ్వుతూ.

"తగ్గిందని చెబుతా. లేదని ఇక చెప్పను" అన్నాను.

మీ మడిలో ఓసారి దిగి చూడండి. బుడగలు లేస్తే ఏం చేశారో, ఆరబెడితే ఏమైందో కింద రాయండి. మీ నేల, మీ నీటి వసతి కూడా చెప్పండి, అందరికీ పనికొస్తుంది.