తుక్కు ఇనుముతో కార్లు చేసిన మనిషి

ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల పల్లెల నుంచి హైదరాబాద్ చూడబోయినవారు పిల్లలకు జూ పార్కు చూపించకుండా తిరిగి రారు. ఆ జూకు దగ్గరలోనే, బహదూర్‌పురాలో, సుధా కార్ల మ్యూజియం ఉంది. అక్కడ వంకాయ కారు ఉంది. బూటు కారు, పెన్ను కారు, కెమెరా కారు, క్రికెట్ బంతి కారు ఉన్నాయి. ఇవి ఉత్త బొమ్మలు కావు. ఇంజను ఉన్న బండ్లు. స్టార్టు చేస్తే కదులుతాయి.

వీటిని తయారుచేసినవారు కె. సుధాకర్. బడికి వెళ్లే రోజుల్లోనే ఆయనకు బండ్ల పిచ్చి పట్టింది. 14 ఏళ్ల వయసులో మొదటి కారు తయారుచేశారు. పనికిరాదని జనం తుక్కు కింద అమ్మేసిన ఇనుమే ఆయనకు ముడిసరుకు. 2005 జూలై 1న హైదరాబాద్‌లో ఆయన నడిపిన మూడు చక్రాల సైకిలు గిన్నిస్ రికార్డుకెక్కింది. దాని ఎత్తు 41 అడుగుల 7 అంగుళాలు. తాటిచెట్టంత సైకిలన్నమాట! 2010లో మ్యూజియం తెరిచారు.

కార్ల మోజు డబ్బున్నవారి సరదా అని మనలో చాలామంది అభిప్రాయం. అమెరికాలోని ఇర్వ్ గోర్డన్ కథ కూడా ఇది నిజం కాదనే చెబుతుంది. ఆయన సైన్సు మాస్టారు. 1966లో దాదాపు ఏడాది జీతం పోసి రెండు తలుపుల వోల్వో స్పోర్ట్స్ కారు కొన్నారు. వేళ తప్పకుండా ఆయిలు మారుస్తూ, చిన్న చప్పుడు వచ్చినా పట్టించుకుంటూ, 2013 నాటికి దాని మీద 30 లక్షల మైళ్లు తిరిగారు. అంటే 48 లక్షల కిలోమీటర్లు. భూమిని 120 సార్లు చుట్టినంత దూరం! 2018లో కన్నుమూసేవరకు ఆ కారును వదలలేదు.

ఒకరు కొన్న బండిని కన్నబిడ్డలా సాకారు. మరొకరు పారేసిన ఇనుమును బండిగా మలిచారు. ఇద్దరిదీ ఒకటే విద్య: యంత్రం మర్మం చేతితో పట్టడం.

ఈ విద్య మనకు కొత్త కాదు. కరీంనగర్ వెండి తీగపని, నిర్మల్ కొయ్యబొమ్మలు చేతి పనితనంతోనే పేరు పొందాయి. ట్రాక్టరు షెడ్లలో, వెల్డింగు షాపుల్లో పనిచేసే కుర్రాళ్లు ఊరూరా ఉన్నారు. కాలిపోయిన బోరు మోటారును బాగుచేసి, పొలం ఎండకుండా కాపాడేది వారే. అయినా 'చదువు అబ్బలేదు గనుక మెకానిక్ అయ్యాడు' అనే మాట మన నోట ఇంకా వినిపిస్తూనే ఉంది. ఆ మాట పడలేక పిల్లవాడు పానా కింద పెట్టేస్తే నష్టపోయేది ఊరే.

ఇంట్లో పాత పంపు విప్పి చూసే పిల్లవాణ్ణి వెంటనే కోప్పడకండి. పదో తరగతి పాసయ్యాక ఐ.టి.ఐ.లో ఫిట్టరు, డీజిల్ మెకానిక్ వంటి కోర్సులున్నాయి. ఈసారి జూ చూడబోయినప్పుడు వాణ్ణి ఆ మ్యూజియానికీ తీసుకెళ్లండి. వంకాయలో ఇంజను ఎక్కడ దాచారో వాడే మీకు చూపిస్తాడు.