మూడేళ్లకు రెండే వేసవులు

2026 జూన్‌లో రెండు తేదీలు తీసుకుందాం. నాలుగో తేదీ, గురువారం. జర్మనీలోని కైజర్స్‌లౌటర్న్ ఊళ్లో ఆ రోజు దుకాణాలు తెరవరు. అది క్యాథలిక్కుల పండగ, రాష్ట్ర సెలవు. ఊరికి కాస్త దూరంలో ఉన్న రామ్‌స్టైన్ అమెరికన్ వైమానిక స్థావరంలో మాత్రం మామూలు పనిరోజే. ఇక పందొమ్మిదో తేదీ, శుక్రవారం. బానిసత్వం ముగిసినందుకు గుర్తుగా అమెరికా పాటించే జూన్‌టీంత్. స్థావరంలో సెలవు, గేటు దాటితే ఊరంతా పనిలో ఉంటుంది. గేటుకు లోపల ఒక పంచాంగం, బయట ఇంకొకటి. అక్కడ కాపురముండే సైనిక కుటుంబం తన సరదాలనూ పండగలనూ ఈ రెండింటి మధ్యే సర్దుకోవాలి. ఆ సర్దుబాటు ఎలా సాగుతుందో అంకెల్లో చూద్దాం.

36 నెలలు

అమెరికా బయట అమెరికన్ సైనిక సమాజం అన్నిటికంటే పెద్దది ఇక్కడే ఉంది. కైజర్స్‌లౌటర్న్ జనాభా సుమారు లక్ష. రామ్‌స్టైన్‌తో పాటు లాండ్‌స్టూల్ సైనిక ఆసుపత్రినీ చుట్టుపక్కల పల్లెలనూ కలుపుకొంటే, సైనికులు, కుటుంబాలు, ఉద్యోగులతో అమెరికన్లు యాభై వేల పైచిలుకు. ఊరి పేరు నోరు తిరగక వాళ్లు ‘కే టౌన్’ అంటారు.

సైనికుడి వెంట ఆలుబిడ్డలు సముద్రం దాటి రావడం 1946లో మొదలైంది. ఆ ఏప్రిల్‌లో తొలి కుటుంబాలతో ఓడ బ్రెమర్‌హావెన్ రేవుకు చేరింది. అదే ఏడాది ఆ పిల్లల కోసం అమెరికన్ బడులూ తెరిచారు. ప్రచ్ఛన్న యుద్ధం చివరి రోజుల్లో ఒక్క పశ్చిమ జర్మనీలోనే సుమారు రెండున్నర లక్షల మంది సైనికులుండేవారు. ఇప్పుడు జర్మనీ మొత్తంలో ఉన్నది 35 వేల చిల్లర.

కుటుంబంతో వచ్చినవాళ్లకు జర్మనీ పోస్టింగు సాధారణంగా 36 నెలలు. మూడేళ్లంటే మూడు వేసవులనుకుంటాం. అయితే సైన్యంలో బదిలీలు ఎక్కువగా వేసవిలోనే జరుగుతాయి. ఉదాహరణకు ఒక కుటుంబం 2024 జూలైలో వచ్చి 2027 జూలైలో వెళ్లాలనుకోండి. వచ్చిన వేసవి ఇల్లు వెతుక్కోవడంతోనే సరి. ఇల్లు దొరికేదాకా తాత్కాలిక బసకు 60 రోజుల వరకు భత్యం ఇస్తారంటేనే ఆ వెతుకులాట ఎంత సాగుతుందో తెలుస్తుంది. వెళ్లే వేసవి సామాను కట్టుకోవడంతో సరి. నిండుగా చేతికి దక్కేవి 2025, 2026 వేసవులు రెండే. క్రిస్మస్‌లు మాత్రం మూడొస్తాయి.

11 + 11 – 2

అమెరికా ఫెడరల్ సెలవులు ఏడాదికి 11. కైజర్స్‌లౌటర్న్ ఉన్న రైన్‌లాండ్-పలటినేట్ రాష్ట్రంలో ప్రభుత్వ సెలవులూ సరిగ్గా 11. రెండు జాబితాలు పక్కపక్కన పెట్టి చూస్తే ఏటా తప్పకుండా కలిసేవి జనవరి 1, డిసెంబరు 25, ఈ రెండే. అంటే గేటుకు ఏదో ఒక పక్క సెలవున్న రోజులు ఏడాదికి 20.

2026లో ఒక విశేషం ఉంది. ఈస్టర్ తరువాత యాభయ్యో రోజున వచ్చే జర్మన్ సెలవు, మే నెల చివరి సోమవారం వచ్చే అమెరికన్ మెమోరియల్ డే, రెండూ మే 25నే పడ్డాయి. ఆ ఏడు కలిసేవి మూడు.

సైనికుడికి జర్మన్ సెలవులు వర్తించవు. స్థావరంలో పనిచేసే జర్మన్ ఉద్యోగులకు మాత్రం ఉంటాయి. కాబట్టి జర్మన్ పండగనాడు లోపల కొన్ని కౌంటర్ల దగ్గర మనుషులు తగ్గుతారు, బయట దుకాణాలు మూతపడతాయి. దీనికి తోడు జర్మనీలో ప్రతి ఆదివారం దుకాణాలకు సెలవే. కొత్తగా వచ్చిన కుటుంబం నేర్చుకునే మొదటి పాఠం, శనివారం సాయంత్రానికల్లా పాలూ బ్రెడ్డూ ఇంట్లో ఉండాలని.

90 రోజులు

అమెరికన్ సైనికుడికి నెలకు రెండున్నర రోజుల చొప్పున ఏడాదికి 30 రోజుల సెలవు. మన సైన్యంలో వార్షిక సెలవు 60 రోజులు, అందులో సగమే ఇది. పైగా సెలవు మధ్యలో వచ్చే శని, ఆదివారాలూ ఖాతాలోంచే పోతాయి.

మూడేళ్లకు 90 రోజులు. మన ఉదాహరణ కుటుంబం ఇలా పంచుకుందనుకుందాం. అమెరికాలోని అమ్మమ్మ, తాతయ్యలను ఒకసారి చూసి రావడానికి 21 రోజులు. బదిలీ వేళ ఇటూ అటూ కలిపి 15. ఆపదకు అట్టిపెట్టుకున్నవి 15. మిగిలేవి 39, అంటే ఏడాదికి 13. యూరప్‌లో చూడాలనుకున్నవన్నీ ఈ పదమూడింట్లో ఇమడాలి.

అందుకే సోమవారాలకు అంత గిరాకీ. 11 ఫెడరల్ సెలవుల్లో ఐదు ఎప్పుడూ సోమవారమే వస్తాయి. సెలవు ఖాతా ముట్టుకోకుండానే ఏడాదికి ఐదుసార్లు మూడేసి రోజులు దొరుకుతాయన్నమాట. పై అధికారి దయతలచి శుక్రవారం కూడా వదిలేస్తే నాలుగు. పారిస్‌కు రైల్లో రెండున్నర గంటలే కాబట్టి, నాలుగు రోజుల్లో అది తీరిగ్గా ముగుస్తుంది.

స్వదేశానికి టికెట్ ఖర్చు తప్పించుకునే దారి ఒకటుంది. సైనిక విమానాల్లో ఖాళీ సీట్లుంటే కుటుంబాలను ఉచితంగా ఎక్కించుకుంటారు. వరుసలో ఆరు తరగతులుంటాయి. అత్యవసర సెలవు మీద వెళ్లేవారు మొదటి తరగతి, మామూలు సెలవు మీద వెళ్లేవారు మూడు, విశ్రాంత సైనికులు ఆరు. వేసవిలో మూడో తరగతికి సీటు రావడం మన రైళ్లలో పండగ ముందు వెయిటింగ్ లిస్టు లాంటిదే. ఎదురుచూపులో గడిచే ప్రతి రోజూ ఆ తొంభైలోంచే తరుగు.

10 వారాలు

స్థావరంలోని అమెరికన్ బడులకు జూన్ మధ్య నుంచి ఆగస్టు చివరి దాకా, ఇంచుమించు 10 వారాల వేసవి సెలవులు. జర్మన్ బడులకు ఆరే. అవీ రహదారులు కిక్కిరిసిపోకుండా ఒక్కో రాష్ట్రంలో ఒక్కో తేదీన మొదలవుతాయి. రైన్‌లాండ్-పలటినేట్‌లో 2025లో జూలై 7న మొదలయ్యాయి. అంటే జూన్ చివరి రెండు వారాలు అమెరికన్ పిల్లలకు సెలవు, అక్కడి పిల్లలకు బడి. రెండు పంచాంగాలు పొసగకపోవడం వల్ల లాభం వచ్చే సమయం ఇదొక్కటే. అనుభవమున్న కుటుంబాలు పెద్ద ప్రయాణాలు అప్పుడే పెట్టుకుంటాయి.

వేసవికి తలుపు తీసేది మెమోరియల్ డే. ఆ సోమవారం అటూ ఇటూగా చాలా కుటుంబాలు కారులో సుమారు 150 కిలోమీటర్లు వెళ్లి లక్సెంబర్గ్‌లోని అమెరికన్ సైనిక శ్మశానవాటికను చూసి వస్తాయి. అక్కడ ఐదు వేలకు పైగా సమాధులున్నాయి. రెండో ప్రపంచ యుద్ధ సేనాని జార్జ్ ప్యాటన్‌ది వాటిలో ఒకటి. మిగతా సైనికుల శిలువల్లాంటి తెల్లటి శిలువే ఆయనకూ.

తరువాతి మజిలీ ఆల్ప్స్ కొండలు. జర్మనీలోకెల్లా ఎత్తయిన శిఖరం జుగ్‌స్పిట్సె, 2,962 మీటర్లు. దాని పాదాల దగ్గర గార్మిష్‌లో అమెరికన్ సైన్యానికి ఎడెల్వైస్ అనే సొంత హోటల్ ఉంది. 2004లో తెరిచారు, 330 గదులు. అద్దె హోదాను బట్టి ఉంటుంది. చిన్న ర్యాంకు సైనికుడికి తక్కువ, కల్నల్‌కు ఎక్కువ.

పెట్రోలుదీ ఒక లెక్కే. జర్మనీలో లీటరు పెట్రోలు మీద ఇంధన పన్ను ఒక్కటే 65.45 సెంట్లు. సైనిక కుటుంబాలకు ఒక కోటా మేరకు పన్ను లేని పెట్రోలు దొరుకుతుంది. 50 లీటర్ల ట్యాంకు నింపితే ఆ పన్నులోనే 32 యూరోలకు పైగా మిగులు. అయితే ఈ వెసులుబాటు జర్మనీ సరిహద్దు దాకే. ఫ్రాన్స్ వెళ్లే కారు సరిహద్దుకు ముందున్న ఆఖరి బంకులో ఆగుతుంది.

వేసవికి తలుపు మూసేది సెప్టెంబరు తొలి సోమవారం వచ్చే లేబర్ డే. ఆ వెంటనే, 35 కిలోమీటర్ల దూరంలోని బాద్ డుర్క్‌హైమ్‌లో ద్రాక్షసారా జాతర. పేరు మాత్రం ‘సాసేజీల సంత’. 1417 నాటికే ఉన్న ఈ జాతరకు ఏటా ఆరు లక్షల మందికి పైగా వస్తారు. జాతర మైదానం పక్కన 17 లక్షల లీటర్లు పట్టే పీపా ఉంది. అందులో సారా పోయరు, లోపల హోటల్ నడుస్తుంది. తల్లిదండ్రులు గ్లాసులు పట్టుకుంటే పిల్లలు రంగులరాట్నం ఎక్కుతారు.

రాత్రి 9:40

జూలై 4 అమెరికా స్వాతంత్ర్య దినం. 2026తో 250 ఏళ్లు. అమెరికాలోనైతే చాలా రాష్ట్రాల్లో ఎవరి పెరట్లో వాళ్లు బాణసంచా కాల్చుకోవచ్చు. జర్మన్ పల్లెలో అద్దెకుండే కుటుంబానికి ఆ భాగ్యం లేదు. అక్కడ బాణసంచా అమ్మేది ఏడాది చివరి మూడు రోజులు, కాల్చేది డిసెంబరు 31, జనవరి 1 తేదీల్లోనే. కాకరపువ్వొత్తులకు మాత్రం ఏడాది పొడవునా అభ్యంతరం లేదు. కాబట్టి పెరట్లో కాకరపువ్వొత్తి, ఆకాశంలో వెలుగులు చూడాలంటే స్థావరంలోకి ప్రయాణం.

అక్కడా ఒక చిక్కుంది. కైజర్స్‌లౌటర్న్ 49 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీదుంది. జూలై మొదట్లో సూర్యాస్తమయం రాత్రి 9:40 ప్రాంతంలో. టెక్సస్‌లోని శాన్ ఆంటోనియోలో అది గంట ముందే అవుతుంది. ఇక్కడ చీకటి చిక్కబడేసరికి పదిన్నర దాటుతుంది. గడ్డి మీద దుప్పటి పరుచుకొని కూర్చున్న కుటుంబంలో నాలుగేళ్ల పిల్ల మొదటి తారాజువ్వ లేచే సమయానికి తండ్రి భుజం మీద నిద్రపోయి ఉంటుంది.

తేదీ ఒకటి, వీలు ఇంకొకటి కావడం అమెరికా తెలుగువాళ్లకు కొత్త కాదు. ఉగాది బుధవారం వస్తే పచ్చడి బుధవారం, సభ శనివారం. రెండేళ్లకోసారి జరిగే ఉత్తర అమెరికా తెలుగు సంఘం (తానా) మహాసభలు చాలావరకు జూలై 4 సెలవుల చుట్టూ పెట్టుకోవడానికీ కారణం అదే. వాళ్లు ఆ దేశపు సెలవును తమ పండగకు వాడుకున్నారు. జర్మనీలోని అమెరికన్‌కు జూలై 4న బయట వాడుకోవడానికి సెలవంటూ లేదు.

9 కిలోలు

నవంబరు నాలుగో గురువారం థ్యాంక్స్‌గివింగ్. బల్ల మధ్యలో నిండు టర్కీ కోడి ఉండాలి. ఇరవై పౌండ్లది అంటే 9 కిలోలు. స్థావరంలోని కమిసరీ దుకాణంలో అమెరికా సరుకే దొరుకుతుంది. అమ్మకపు పన్ను ఉండదు, బిల్లుపై 5 శాతం సర్‌చార్జి వేస్తారు. కొనడం తేలికే. కాల్చడం దగ్గరే తంటా. అమెరికన్ పొయ్యి వెడల్పు 76 సెంటీమీటర్లు, జర్మన్ వంటింటి ఓవెన్ 60. అద్దె ఇంట్లో కాపురం పెట్టిన తొలి ఏడాది చాలామంది గృహిణులు పక్షిని కొనేముందే టేపు పట్టుకొని ఓవెన్ లోపలి కొలత తీసుకుంటారు. వంటల పుస్తకం 325 ఫారెన్‌హీట్ అంటుంది. ఎదుట ఉన్న బిరడా మీద సెల్సియస్ అంకెలుంటాయి. 163 దగ్గర తిప్పి పెట్టాలి.

బంధువులు లేని ఊరు కాబట్టి బల్ల చుట్టూ కూర్చునేది బ్యారక్స్‌లో ఒంటరిగా ఉండే కుర్ర సైనికులు, పక్కింటి జర్మన్ దంపతులు. మరునాడు శుక్రవారం ఆ దంపతులకు ఆఫీసుంటుంది కనుక భోజనం త్వరగా ముగించాలి.

70 పౌండ్లు

క్రిస్మస్ పెట్టెలు సైనిక తపాలా దారిలో వస్తాయి. చిరునామాలో జర్మనీ పేరే ఉండదు. ఊరికి బదులు సైనిక తపాలా కార్యాలయం నంబరు, రాష్ట్రానికి బదులు యూరప్‌ను సూచించే రెండక్షరాలు, తరువాత 09తో మొదలయ్యే పిన్‌కోడ్. అందువల్ల తపాలా ఖర్చు అమెరికా లోపలి రేటే. నిర్ణీత ధర పెట్టెలో 70 పౌండ్ల దాకా, అంటే సుమారు 32 కిలోలు కుక్కి పంపవచ్చు. చవక తపాలాలో పంపే బామ్మ నవంబరు తొలి వారానికే పెట్టె కట్టాలి.

ఇక్కడి వేడుక ఆ పెట్టె కంటే ముందే మొదలవుతుంది. డిసెంబరు 5 రాత్రి జర్మన్ పిల్లలు బూట్లు తుడిచి గుమ్మం ముందు పెడతారు. తెల్లవారేసరికి సెయింట్ నికొలస్ వాటిలో మిఠాయిలు, కమలాపండ్లు నింపుతాడు. చూసిన అమెరికన్ పిల్లలు ఊరుకుంటారా? మొదటి ఏడాదే గుమ్మంలో బూట్లు వరుసగా ఉంటాయి.

24వ తేదీ మధ్యాహ్నం రెండింటికి దుకాణాలు మూసేస్తారు. 25, 26 రెండూ సెలవులే. 2026లో ఆ తరువాతి రోజు ఆదివారం. సోమవారం పొద్దున దాకా, మూడున్నర రోజులు, ఊళ్లో సరుకు పుట్టదు. క్రిస్మస్ ఉదయం ఎనిమిదింటికి కానుకలు విప్పుదామంటే టెక్సస్‌లోని బామ్మకు అర్ధరాత్రి దాటి ఒంటిగంట. బామ్మ చూస్తుండగా విప్పాల్సిన పెట్టె ఒకటి పక్కన పెట్టి, సాయంత్రం నాలుగు దాకా పిల్లల్ని ఆపడమే ఆ పూట తల్లికి అసలు పని.

50 హెర్ట్జులు

అమెరికా కరెంటు 120 వోల్టులు, 60 హెర్ట్జులు. జర్మనీది 230 వోల్టులు, 50 హెర్ట్జులు. వెంట తెచ్చుకున్న మిక్సర్లు, దీపాలు నడవాలంటే ఇటుకంత బరువైన ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. అది వోల్టులు తగ్గిస్తుంది కానీ హెర్ట్జులు మార్చలేదు. కరెంటు లయను పట్టుకొని నడిచే పాతరకం అలారం గడియారం అందుకే ఇక్కడ గంటకు 10 నిమిషాలు, రోజుకు నాలుగు గంటలు వెనకబడుతుంది. తొలి వారంలో దాన్ని నమ్ముకున్న సైనికుడు డ్యూటీకి ఆలస్యంగా చేరతాడు. తరువాత అది అటకెక్కుతుంది. గోడకు బ్లాక్ ఫారెస్ట్ కోకిల గడియారం వస్తుంది. ముందుగా తీసుకున్న పన్ను మినహాయింపు పత్రం చూపిస్తే 119 యూరోలది 100కే. తూకపు గుండ్ల బరువుతో నడిచేది కాబట్టి దానికి ఏ దేశమైనా ఒకటే.

వెళ్లే వేసవిలో లారీ వస్తుంది. కోకిల గడియారాన్నీ, అటక మీది అలారాన్నీ పెట్టెల్లో సర్దుతారు. ట్రాన్స్‌ఫార్మర్లతో ఇక పని లేదు. అదే వారం దిగి, హోటల్ గదిలో ఇద్దరు పిల్లలతో ఇల్లు వెతుక్కుంటున్న ఇంకో కుటుంబం వాటిని సగం ధరకు కొనుక్కుపోతుంది. వాళ్ల 36 నెలల లెక్క మొదలైంది. ఈ వేసవి అందులోకి రాదు.