పెట్టకోడికి తెలిసిన లెక్క

థర్మాకోల్ డబ్బా, బల్బు, చిన్న ఫ్యానుతో ఇంట్లోనే ఇంక్యుబేటర్ చేసుకున్న మార్కాపురం, గిద్దలూరు పక్క తమ్ముళ్లు నన్ను అడిగేది ఒకటే. "అన్నా, రోజుకో గుడ్డు దొరికితే రోజుకొకటి పెడతా పోతే ఏమవుద్ది?"

నేను వద్దనే చెప్తా. కోడిగుడ్డు పిల్లయ్యేదానికి 21 రోజులు పట్టుద్ది. వేడి ఎప్పుడైనా 37.5 డిగ్రీలే. తేడా అంతా తేమలో, తిప్పడంలో ఉంది. 18వ రోజు దాకా తేమ 50 శాతం చుట్టూ ఉండాలి, రోజుకు మూడుసార్లన్నా గుడ్డు తిప్పాలి. ఆ తర్వాత తిప్పకూడదు, తేమ 65 దాటాలి, మూత తియ్యకూడదు. ఒకే డబ్బాలో 20వ రోజు గుడ్డూ, ఐదో రోజు గుడ్డూ ఉంటే ఎవరి మాట వినాల? తేమ పెంచితే చిన్నదానిలో నీరు ఆరదు. దాన్ని తిప్పను మూత తీస్తే, పెంకు పొడుస్తున్న పిల్ల చుట్టూ పొర ఎండి అది లోపలే ఇరుక్కుపోద్ది.

నాటు పెట్టను చూడండి. రోజుకొకటో, రోజు మార్చి రోజో గుడ్డు పెట్టుద్ది గానీ, పొదుగుకు కూర్చునేది అన్నీ అయినాకే. అందుకే పిల్లలన్నీ ఇంచుమించు ఒకేసారి లేస్తాయి.

మనమూ అట్టే చెయ్యాల. గుడ్డు మీద పెన్సిల్‌తో తేదీ రాయండి. మొన కిందికి పెట్టి, వారంలోపువి పోగేసి ఒకేరోజు డబ్బాలో పెట్టండి. మన ఎండలకు గది వేడికే గుడ్డులో జీవం సగం కదిలి చచ్చిపోద్ది. తడి ఇసుక మీద కుండ పెట్టి అందులో దాచండి.

అంతకీ ఆగలేకపోతే రెండో డబ్బా చేసుకోండి. 18వ రోజు గుడ్లు అందులోకి మార్చండి. పెంకులో చచ్చిన పిల్లలకంటే ఆ డబ్బా ఖర్చే తక్కువ.