కంబం మీద బెల్టు

తమిళనాడు కృష్ణగిరి జిల్లాలో, డెంకణికోట తాలూకా అడవుల అంచున, తెలుగు, కన్నడం, తమిళం కలగలిసి వినిపించే జవళగిరి చుట్టుపట్ల, గాలివానకు కొమ్మ విరిగి తీగ మీద పడినప్పుడు కంబమెక్కే లైన్‌మేన్ ప్రాణం రెండింటి మీద ఆధారపడి ఉంటుంది. మొదటిది లైన్ క్లియర్, అనగా ఆ లైనుకు సరఫరా నిలిపివేసినట్లు సబ్‌స్టేషన్ నుంచి అందే అనుమతి. రెండవది ఒంటికి కట్టుకొనే బెల్టు. మొదటిదానికి రిజిస్టరు, సంతకం, తీగకు తగిలించే ఎర్త్ రాడ్డు ఉన్నాయి. రెండవదానికి అంతటి శ్రద్ధ అరుదుగానే దక్కుతుంది.

తొమ్మిది మీటర్ల సిమెంటు కంబంలో ఆరో వంతు, అంటే 1.5 మీటర్లు, భూమిలో పోతే పైన మిగిలేది 7.5 మీటర్లు. ఏడు మీటర్ల ఎత్తు నుంచి జారిన మనిషి నేలను తాకేసరికి గంటకు సుమారు 40 కిలోమీటర్ల వేగం అందుకొంటాడు, 1.8 మీటర్లు పడ్డాక ఒంటికి కట్టిన తాడు బిగిసినా అప్పటికి వేగం 20 కిలోమీటర్లు దాటుతుంది. ఆ ఊపునంతా నడుము బెల్టు ఒక్కటే ఆపితే, ఆ అదురు పొట్ట మీదా వెన్ను మీదా పడుతుంది. అందుకే అమెరికాలో 1998 నుంచి పడిపోయేవారిని ఆపే సాధనంగా నడుము బెల్టును అనుమతించడం లేదు. తొడలు, ఛాతీ, భుజాలకు బరువు పంచే ఫుల్ బాడీ హార్నెస్ దాని స్థానంలోకి వచ్చింది. భారతదేశంలో ఈ సామగ్రికి ఐ.ఎస్. 3521 ప్రమాణం ఉన్నది. నడుము బెల్టుకు పని లేకపోలేదు. కంబాన్ని ఆనుకొని రెండు చేతులతో పని చేసుకోవడానికి అది ఆసరా, పడేవాణ్ణి పట్టడం దాని పని కాదు.

బెల్టయినా హార్నెస్ అయినా, పరీక్షకు పెద్ద యంత్రమేదీ అక్కరలేదు. పట్టీని రెండు చేతులా జానెడు దూరంలో పట్టుకొని తిరగేసిన U ఆకారంలో వంచితే, చదునుగా ఉన్నప్పుడు కనబడని తెగిన పోగులు పైకి లేస్తాయి. అలా వంచుతూ మొదటి నుంచి చివరి దాకా, రెండు వైపులా చూడాలి. కుట్టుదారం తెగినా, పట్టీ గట్టిపడినా, రంగు వెలిసి పొడి రాలినా అది పనికిరాదు. కొక్కెం నాలుక వేలితో నొక్కి వదిలిన వెంటనే మూసుకోవాలి, దాని తాళం పడాలి. ఉంగరాలు వంగి ఉండకూడదు. హార్నెస్‌ను ఆధారానికి కలిపే తాడులో అదురును పీల్చే మడత సంచి ఉంటుంది. ఒకసారి పడినవారిని ఆపి అది చీలితే, మనిషికి గీత కూడా పడకపోయినా, ఆ సామగ్రిని తీసివేయాలి. ఈ ప్రాంతపు సిమెంటు కంబాలు గుండ్రంగా కాక అంచులు తేలి ఉంటాయి కనుక, కంబం చుట్టూ తిరిగే పట్టీ ముందుగా అరిగేది ఆ మూలలు ఒరుసుకొనే చోటనే. అక్కడ మరింత ఆగి చూడాలి.

ఎక్కే ప్రతిసారీ ఇలా చూడటం ఎక్కేవాని వంతు. కనీసం ఏడాదికొకసారి తెలిసినవారు వివరంగా పరీక్షించి, ప్రతి బెల్టునూ నంబరుతో నమోదు చేయడం కార్యాలయం వంతు. ఒకే బెల్టును నలుగురు పంచుకొనే చోట, పక్కవాడు చూసే ఉంటాడని ప్రతివాడూ అనుకోవడం సహజం.

పాడుకావడం పనిలోనే మొదలవదు. కటింగ్ ప్లయరు, బ్యాటరీ యాసిడ్, నూనె మరకల మధ్య సంచిలో కుక్కినా, మోటారు సైకిలు మీద ఎండలో కట్టి తిప్పినా, నైలాన్, పాలిస్టర్ పోగులు లోలోపలే బలం కోల్పోతాయి. మురికి పట్టినది తేలికపాటి సబ్బు నీటితో కడిగి నీడలో ఆరవేయాలి. బ్లీచింగు, పొయ్యి వేడి తగలరాదు. తెగిన తాడును ముడివేయడం, చెప్పులు కుట్టేవానిచేత పట్టీని కుట్టించడం పొదుపులా కనిపిస్తాయి కాని, ముడిపడిన తాడు బలంలో గణనీయమైన భాగం పోతుంది, బజారు కుట్టుకు పరీక్ష ఉండదు. పనికిరానిదాన్ని మూల పడేస్తే చాలదు. కత్తితో ముక్కలు చేయాలి, లేకుంటే అది వేరే గ్యాంగు సంచిలో తేలుతుంది.

సరైన హార్నెస్ కూడా సగం రక్షణే. తొడపట్టీల్లో కదలక వేలాడే మనిషికి కాళ్లలో రక్తం నిలిచి, నిమిషాలలో స్పృహ తప్పవచ్చు. ఊరికి దూరంగా అడవి లైను మీద ఒంటరిగా ఎక్కించకపోవడం, కింద ఉన్న రెండో మనిషికి దింపే తాడు, దాన్ని వాడే అలవాటు ఉండటం కూడా ఎక్కే ముందు చూసుకోవలసిన పరీక్షలో భాగమే.